గెలిచామని గ్రీకు అంకుల్‌కి ఎవరు చెప్పాలి?

ఆ శుక్రవారం పొద్దున పళ్ళు తోముకుంటూ ఫోన్లో స్కోరు చూశాను. నోట్లో నురగ అలాగే ఉండిపోయింది. వాష్ బేసిన్ పట్టుకుని నిలబడ్డాను.

"ఏవండీ, ఏమైంది? ఎవరికైనా ఏమన్నా అయిందా?" అంది మా ఆవిడ వంటగదిలోంచి.

"గెలిచారు."

"ఎవరు?"

"గ్రీకు వాళ్ళు. మూడు గోల్స్ కొట్టారు. ఫైనల్‌కి వెళ్ళిపోయారు."

ఆవిడ గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చింది. ఫుట్‌బాల్‌లో ఒక జట్టుకి ఎంతమందో కూడా ఆవిడకి తెలియదు. అయినా ఆ మాట వినగానే మొహం పాలిపోయింది. "అయ్యో రాత! ఇప్పుడు ఆ పెద్దాయనకి ఎలా చెబుతారు?" అంది.



సింగపూర్‌లో, టోవా పాయో పేటలో, మా పై అంతస్తులో ఒక గ్రీకు పెద్దాయన ఉంటాడు. సరుకు ఓడల్లో ఇంజనీరుగా పనిచేసినవాడు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి ఓడ మరమ్మతుకని సింగపూర్ రేవులో ఆగితే, ఇక్కడి చైనీస్ అమ్మాయి ఒకామెతో పరిచయమైంది. ఓడ బాగైంది, ఆయన బాగుపడలేదు. మళ్ళీ మళ్ళీ వచ్చి, చివరికి ఆమెను పెళ్ళి చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. మా బ్లాకులో అందరికీ ఆయన గ్రీకు అంకుల్, ఆవిడ ఆంటీ. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లా' మాత్రం ఆంటీ సొత్తు. దాన్ని తెలుగులోకి తెచ్చే దమ్ము నాకు లేదు. గ్రీకులో దగ్గరివాణ్ణి 'రే' అని పిలుస్తారట. మొదటిసారి లిఫ్టులో ఆయన నన్ను "రే, తలుపు పట్టుకో" అన్నప్పుడు, ఈయనెవరో మా అమలాపురం వైపు మనిషి సున్నం కొట్టుకుని వచ్చాడనుకున్నాను.

నిరుడు ఆయన గుండెకు ఆపరేషనైంది. కళ్ళు అంతకుముందే మసకబారాయి. టీవీ పెడితే ఆకుపచ్చ రంగు కనిపిస్తుంది తప్ప దాని మీద పరిగెత్తే మనుషులు కనిపించరు. ఆపరేషనయ్యాక డాక్టరు ఒకే మాట చెప్పాడు: ఉద్రేకం పనికిరాదు. ఆయనకున్న ఉద్రేకం కూడా ఒకటే. పుట్టిన రేవు పట్నంలో, తమ పేటలో ఉన్న ఫుట్‌బాల్ క్లబ్బు. సొంత దేశంలో ఆడే ఆటలకి ఆయన పెద్దగా చలించడు. అక్కడ గెలుస్తూనే ఉంటారు. యూరప్ దేశాల క్లబ్బులన్నీ కలిసి ఆడే పోటీలున్నాయే, అవే ప్రాణం మీదికి తెచ్చేవి.

ఆంటీ కంప్యూటర్లో గ్రీకు రేడియో తీసేయించింది. ఏథెన్స్ నుంచి ఫోన్ చేసే ఒకరిద్దరు స్నేహితులకి ఆట సంగతులు ఎత్తొద్దని ఒట్టు పెట్టింది. అది చేసి మా ఫ్లాటుకి దిగివచ్చింది.

"నువ్వు లిఫ్టులో చెప్పే కథలు నేను విన్నాను," అంది సోఫాలో కూర్చుని. "మీ మేనమామ సైకిలు తొక్కుతుంటే తుఫాను గాలి లేపుకుపోయి పక్క జిల్లాలో దింపిందన్నావు."

"అది నిజమే ఆంటీ. తిరిగొచ్చేటప్పుడు సైకిలు బస్సు మీద వేసుకొచ్చాడు. మావాళ్ళు కొబ్బరికాయ కూడా కొట్టారు."

"చూశావా! మొహంలో ఒక్క గీత కూడా మారలేదు. నాకు అదే కావాలి లా. ఆట జరిగిన మర్నాడు పొద్దున వచ్చి, మా ఆయనకి నువ్వు ఆట చెప్పు. మెల్లగా చెప్పు. జావలాగా, కారం లేకుండా."

ఆంటీ వెళ్ళాక మా ఆవిడ నవ్వింది. "ఇన్నేళ్ళకి మీ కోతలకి కూడా ఉద్యోగం దొరికిందన్నమాట."

నేనూ నవ్వాను. నా నవ్వు మొదటి ఆట చెప్పేదాకే.

ఆ రోజు మంచి హుషారు మీదున్నాను. చాంగీ బిజినెస్ పార్కులో మా బ్యాంకు ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర చెప్పినట్టు చేతులూ కాళ్ళూ ఆడిస్తూ చెప్పాను. ఆఖరి నిమిషంలో మనవాడు గాల్లోకి లేచి తలతో కొట్టిన గోలుని నేను సోఫా మీంచి దూకి కొట్టి చూపించాను. దూకి ఇటు తిరిగేసరికి అంకుల్ మొహం వాళ్ళ గోడ రంగులోకి మారిపోయి ఉంది. చెయ్యి ఛాతీ మీద ఉంది. అంబులెన్సు వచ్చింది. ఆంటీ వారం రోజులు నాతో మాట్లాడలేదు. లిఫ్టులో ఎదురైతే గోడ వైపు తిరిగి నిలబడేది. నేను ఆ వారమంతా ఆఫీసులో ఒక్క కథ చెప్పలేదు. పక్క సీటు తమిళ అబ్బాయి నాకు జ్వరం వచ్చిందేమోనని అడిగాడు.

ఆ తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాం. అంకుల్ వేలికి నాడి చూసే చిన్న క్లిప్పు తగిలించి ఉంటుంది. దాని మీద ఎర్రటి అంకె వెలుగుతూ ఉంటుంది. నేను ఆయన మొహం చూడను, ఆ అంకెనే చూస్తూ ఆట చెబుతాను. అంకె ఎక్కుతుంటే బంతిని గీత బయటికి కొట్టిస్తాను. ఇంకా ఎక్కితే ఎవడో ఒకడి బూటు తాడు ఊడదీస్తాను. వాడు వంగి కట్టుకునేదాకా మైదానంలో పనేమీ జరగదు. ఒకసారి ఒక కుక్కను కూడా లోపలికి వదిలాను. దాన్ని పట్టుకుని బయటికి పంపేసరికి అంకె దిగింది. గెలిచిన ఆటలకి ఇంకో జాగ్రత్త. మనవాళ్ళ గోలు ఎంత గొప్పదైనా సరే, అవతలివాడి మోకాలికి తగిలి పొరపాటున లోపలికి దొర్లిందనే చెప్పాలి. "ఛీ, ఇదొక గోలా," అని అంకుల్ విసుక్కునేవాడు. ఆ విసుగు చూస్తే నాకు ప్రాణం లేచొచ్చేది.

ఓటములకి ఏ జాగ్రత్తా అక్కర్లేదని కూడా ఆ రోజుల్లోనే కనిపెట్టాను. ఓడిపోయారని చెప్పగానే అంకుల్ వెనక్కి వాలేవాడు. చేతిలో ఎప్పుడూ ఒక పూసల దండ తిప్పుతుంటాడు. జపమాలలా ఉంటుంది గానీ జపం ఉండదు, ఉత్త చప్పుడే. అది నెమ్మదించేది. అంకె కిందికి వచ్చేది. అప్పుడు ఆయన పాత ఓటమి ఒకటి తీసేవాడు.

ఆ క్లబ్బు యూరప్ చరిత్ర అంతా నాకు అలాగే తెలిసింది. ఆయన కుర్రతనంలో, ఉత్తరాన ఏదో దేశం వెళ్ళి మంచులో ఆడారట. గోల్‌కీపర్ పుట్టాక మంచు చూడటం అదే మొదలు. వాళ్ళమ్మ ఉన్ని మేజోళ్ళు తొడుక్కుని దిగాడట. బంతి కోసం వంగితే మంచు ముద్ద చేతికొచ్చింది, బంతి వెనక్కి పోయింది. ఇంకోసారి పొగమంచు. మూడో గోలు ఎవరికీ కనపడలేదు, గోలు కొట్టినవాడికి కూడా. ఇంకోసారి రెండు ఆటలూ కలిపి చూస్తే సమానమే. అయినా పరాయి ఊళ్ళో కొట్టిన గోలుకి విలువ ఎక్కువన్న రూలు ఒకటి అప్పట్లో ఉండేదట, దాంతో బయటికొచ్చేశారు. అప్పుడు అంకుల్ ఓడ మన విశాఖపట్నం బయట లంగరేసి ఉంది. రేవులోకి పిలుపు కోసం చూస్తూ, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ ముక్కు కనిపించేలా డెక్ మీద కూర్చుని చిన్న రేడియో చెవికి ఆనించుకున్నాడట. ఆఖర్లో పెనాల్టీ దొరికింది. ఆటగాడు వెనక్కి నడుస్తున్నాడు. రేడియో గరగరమని ఆగిపోయింది. విశాఖలో ఆ వార్త దొరకలేదు, తర్వాతి రేవు దాకా ఆ పెనాల్టీ ఏమైందో తెలియదు. "సముద్రం మీద వాడు అలా నడుస్తూనే ఉన్నాడు రే," అనేవాడు. తీరా రేవు చేరి పేపరు చూస్తే బంతి గోలు కర్రల మీదుగా పోయింది.

ఫైనల్ అన్న మాట మాత్రం ఆ చరిత్రలో లేదు. దాని దగ్గరికి రావడం, గుమ్మంలో తూలి పడటం, అంతే. పొరపాటున నేను "ఈసారి బాగా ఆడుతున్నారు అంకుల్" అంటే, వెంటనే దిష్టి తగలకుండా తన చొక్కా మీదికి తుతుతు అనేవాడు. మా నాయనమ్మ చేసినట్టే.

ఈ ఏడు సెమీఫైనల్ మొదటి ఆటలో మనవాళ్ళు రెండు గోల్స్ తేడాతో ఓడారు. నేను హాయిగా చెప్పాను, ఆయన హాయిగా విన్నాడు. ఇక రెండో ఆట లాంఛనమేననుకున్నాం. నేను ముందే ఓటమి కథ ఒకటి అల్లి పెట్టుకున్నాను కూడా. తీరా ఆ శుక్రవారం పొద్దున చూస్తే మనవాళ్ళు మూడు గోల్స్, అవతలివాళ్ళు సున్నా. అందులో మూడోది ఆట ముగిసేముందు, నడిమైదానం నుంచి. వీడియో చూశాను. దాన్ని ఎవరి మోకాలికీ తగిలించడానికి కుదరదు.

ఆ రోజు నాకు ఇంటినుంచే పని. మెట్లెక్కి పైకి వెళ్ళాను, లిఫ్టులో వెళ్తే తొందరగా చేరిపోతానని. గేటు దగ్గర ఆంటీ మార్కెట్‌కి చక్రాల తోపుడు సంచీతో బయల్దేరుతోంది.

"ఓడారా?" అంది గుసగుసగా.

తల అడ్డంగా ఊపాను.

ఆవిడ చెప్పు ఒకటి తొడుక్కుని, రెండోది తొడుక్కోకుండా అలాగే నిలబడిపోయింది. "ఫైనలా?"

"ఊ."

"చెప్పొద్దు. సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. డాక్టరు ముందు కూర్చోబెట్టి చెబుదాం. అప్పటిదాకా ఎలాగోలా నెట్టుకురా."

"ఏమని నెట్టను ఆంటీ? ఆయన లోపల కూర్చుని ఉన్నాడు గదా!"

"అది నీ పని లా. మార్కెట్లో చేపలు అయిపోతాయి."  చేపల కోసం కాదని నాకు తెలుసు. ఇంట్లో ఉంటే మొహం చూసి ఆయన కనిపెట్టేస్తాడని పారిపోతోంది.

లోపల అంకుల్ కిటికీ పక్క కుర్చీలో తయారుగా ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. క్లిప్పు వేలికి ఉంది. పూసలు టకటకమంటున్నాయి.

"కూర్చో రే. మొదటి నిమిషం నుంచి చెప్పు."

నేను కూర్చున్నాను.  మూడు రోజులు ఆట వాయిదా వేయాలి. చిన్నప్పటినుంచి క్రికెట్ చూస్తూ పెరిగినవాడి బుర్రకి వాయిదా అంటే ఏం తడుతుంది? తట్టిందే చెప్పాను.

"ఆట మొదలవలేదు అంకుల్. వర్షం."

"వర్షమా?"

"కుండపోత. అంపైర్లు గొడుగులేసుకుని వచ్చి పిచ్ చూశారు. వేలితో నొక్కి చూశారు. కుదరదన్నారు. వెంటనే కుర్రాళ్ళు కవర్లు లాక్కొచ్చి కప్పేశారు. సోమవారం రిజర్వ్ డే."

నా గొంతులో వణుకు లేదు. మొహంలో గీత మారలేదు. అబద్ధంగా చూస్తే అంత నికార్సైన అబద్ధం నేను జన్మలో చెప్పలేదు.

పూసలు ఆగిపోయాయి.

"ఫుట్‌బాల్ మైదానానికి కవర్లు కప్పారా?" అన్నాడు.

నేను చెప్పింది క్రికెట్ అని నాకు అప్పుడు తట్టింది.  దిద్దుకుందామని నోరు తెరిచాను.

"రే," అన్నాడు చాలా నెమ్మదిగా. "మంచులో ఓడాం, అదే రాత్రి చెప్పారు. ఐదు గోల్స్‌తో ఓడాం, మా ఓడ కెప్టెన్ కాఫీ తెచ్చి ఇచ్చి మరీ చెప్పాడు. ఇన్నేళ్ళలో ఓటమిని నా దగ్గర దాచినవాడు ఒక్కడూ లేడు. నువ్వూ దాచలేదు. ఇవాళ దాస్తున్నావు." మసక కళ్ళు నా వైపు తిప్పాడు. "గెలిచాం గదూ?"

నేను అంకె వైపు చూశాను. ఎక్కుతోంది. మా బ్లాకు లిఫ్టు కూడా అంత వేగంగా ఎక్కదు.

"ఫైనల్‌కి వెళ్ళాం గదూ?"

ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు. భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాను. ఆయన ఊపిరి పైపైనే ఆడుతోంది. పెదవుల చుట్టూ తెల్లగా అవుతోంది. ఆంటీకి ఫోన్ చేశాను. ఆవిడ ఫోను ఫ్రిజ్ మీద మోగింది. మర్చిపోయి వెళ్ళింది. అంబులెన్సుకి చేశాను.  బ్లాకు నంబరు అడిగితే పదేళ్ళుగా ఉంటున్న నా సొంత బ్లాకు నంబరు తడుముకున్నాను. అవతలి అమ్మాయి "వస్తున్నారు సార్, ఆయన్ని కూర్చోబెట్టండి, శాంతంగా ఉంచండి," అంది.

శాంతంగా! ఎలా ఉంచను? నా ఎదుట ఒక మనిషి సంతోషంతో చచ్చిపోయేలా ఉన్నాడు. ఆ సంతోషం తెచ్చిపెట్టింది నేనే. మా ఆవిడ ఫోను ఎత్తలేదు, కేకేసి పిలవాలన్నా గేటు దాకా వెళ్ళాలి. ఆయన చెయ్యి నా చొక్కాని వదలడం లేదు.

"ఎవరు కొట్టారు? మూడోది ఎవరు కొట్టారు?" అంటున్నాడు. ఫైనల్‌కి వెళ్ళాలంటే మూడు కొట్టి ఉండాలని లెక్క కట్టేశాడు.

నాకు తెలిసిన మందు ఒకటే. "చెబుతాను అంకుల్. ముందు ఆ మంచులో ఆట గుర్తుందా? ఆ గోల్‌కీపర్ వాళ్ళ నాన్న మేజోళ్ళు వేసుకుని..."

"నాన్న కాదు. అమ్మ."

"అమ్మవే. నూలు మేజోళ్ళు."

"ఉన్నివి! మంచులో నూలు ఎవరు వేసుకుంటారు రే?"

అంకె ఆగింది. ఇంకా దిగలేదు గానీ, ఆగింది. నాకు దారి దొరికింది. తప్పులు చెప్పడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. మంచు ఆటలో ఒక గోలు ఎక్కువ వేశాను, ఆయన తీసేశాడు. పొగమంచు ఆటని ఎండాకాలంలోకి జరిపాను, ఆయన మళ్ళీ చలికాలంలోకి తెచ్చాడు. ఐదు గోల్స్ ఓటమిని నాలుగన్నాను, "ఐదు!" అన్నాడు పట్టుదలగా. ఒక్కొక్క ఓటమీ వస్తోంది, పోతోంది. నేను విష్ణు సహస్రనామం కూడా అంత నిష్ఠగా చదివింది లేదు.   ఒక ఓటమి అయిపోతుంటే రెండోది గుర్తుకొస్తుందో రాదోనని భయం. ఓటములు అయిపోతే ఏం చేయాలో తెలియదు. ఆ క్లబ్బు అన్నిసార్లు ఓడినందుకు ఆ పొద్దున నేను పెట్టిన దండాలు మా ఊరి దేవుడికి కూడా పెట్టలేదు.

విశాఖపట్నం దగ్గరికి వచ్చేసరికి నేను తప్పు చెప్పలేదు. ఆయనా దిద్దలేదు. రేడియో, కొండ, పెనాల్టీకి వెనక్కి నడుస్తున్న ఆటగాడు. అంకె మెల్లగా దిగుతోంది. చొక్కా పట్టుకున్న వేళ్ళు సడలాయి.

అంబులెన్సు వాళ్ళు వచ్చారు. ముందు వచ్చినామె మలయ్ అమ్మాయి. మోకాళ్ళ మీద కూర్చుని ఆయన చేతికి పట్టీ చుడుతూ, "ఏమైంది అంకుల్?" అంది.

"మేం ఫైనల్‌కి వెళ్ళాం," అన్నాడు ఆయన.

"వావ్ అంకుల్, కంగ్రాట్స్!" అంది ఆ అమ్మాయి.

"అనొద్దమ్మా! అనొద్దు!" అని అరిచాను. ఆ అమ్మాయి బిత్తరపోయి నా నాడి కూడా చూడమని పక్కతనికి సైగ చేసింది.

స్ట్రెచరు లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి లిఫ్టులోంచి ఆంటీ దిగింది. తోపుడు సంచీ చేతిలోంచి జారి పడింది. చేప ఒకటి కారిడార్ మీదికి జారింది. ఆవిడ ఏమీ అడగలేదు. ఆయన చెయ్యి పట్టుకుని లిఫ్టులోకి నడిచింది. తలుపు మూసుకుంటుంటే నా వైపు చూసి, "వర్షమన్నావా?" అంది. ఆయన అప్పుడే చెప్పేసినట్టున్నాడు.

వాళ్ళు వెళ్ళాక ఆ చేప తీసి వాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టాను. నేను శాకాహారిని. చేతులు కడుక్కున్న సంగతి కూడా గుర్తులేదు. సాయంత్రం దాకా ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆఫీసు మీటింగులో నా పేరు పిలిస్తే "అంకె ఎంత?" అన్నానట.

చీకటి పడే వేళకి ఆంటీ ఫోన్ చేసింది. ఆయన బాగానే ఉన్నాడు. రెండు రోజులు ఉంచుకుని పంపిస్తారు. వార్డులో పక్క మంచం వాళ్ళందరికీ ఆ గోలు సంగతి చెబుతున్నాడట.

"ఆయన గోలు చూడలేదు గదా ఆంటీ? నేనూ చెప్పలేదు."

"సొంతంగా అల్లుకున్నాడు లా. నీ దగ్గర నేర్చుకున్నాడు." అప్పుడు అసలు సంగతి మొదలుపెట్టింది. "డాక్టరు చెప్పాడు, ఇంకేమీ దాచొద్దట. దాచితేనే ఎక్కువ కంగారట. మందులేసి, పడుకోబెట్టి, ఫైనల్ మాత్రం జరుగుతుండగానే విననివ్వమన్నాడు. తన పక్కన నువ్వుండాలని మా ఆయన అంటున్నాడు."

"నాకు అప్పుడు ఇండియాలో పనుంది ఆంటీ."

"టికెట్ చూపించు లా."

నా దగ్గర టికెట్ లేదు. ఫైనల్ వచ్చే వారం.

ఆదివారం మన ఇండియావాళ్ళ పేట సెరంగూన్ రోడ్డు జనంలో పడి గుడికి వెళ్ళాను. అర్చన టికెట్ తీసుకుని వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. పూజారి పేరు అడిగితే అంకుల్ పేరు చెప్పాను. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నాడు. గోత్రం అడిగాడు. మాదే చెప్పాను. నక్షత్రం అడిగితే తెలియదన్నాను. ఆయన తల ఊపి గర్భగుడిలోకి నడిచాడు. మంత్రాల మధ్యలో ఆ గ్రీకు పేరు మా గోత్రంతో కలిసి వినిపించింది.

మనవాళ్ళని ఓడించమని అడగాలని ఇంటి దగ్గరే అనుకుని వచ్చాను. ఆయనకి మంచిది అదే. చేతులు జోడించాను. ఆ మాట నోటిదాకా వచ్చి అక్కడే ఆగింది, బయటికి రాలేదు. గెలిపించమని అడిగే ధైర్యం ఎలాగూ లేదు. వెనకున్నవాళ్ళు నెడుతున్నారు. "స్వామీ, నువ్వూ ఆ రోజు మాతోపాటు కూర్చో," అన్నాను. హారతి కళ్ళకద్దుకుని వెనకవాళ్ళకి దారిచ్చాను.